ఊగే అణువులు, మారే జతలు

నేను కెమిస్ట్రీ మెయిన్ చదువుతున్నాను. తెలుగు నాకు పార్ట్ వన్ భాష. "ఈసారి గోడపత్రికకు మీ సబ్జెక్టులోంచి ఒక సంగతి తెలుగులో రాయి. తెలుగు మెయిన్ పిల్లలకీ అర్థం కావాలి, మాకూ అర్థం కావాలి" అని మేడమ్ అన్నారు. సమీకరణాలు లేకుండా చెప్పగలిగేది ఏముందా అని చూస్తే నాకు ఇది తోచింది: వాయువుల్లో అణువులు జతలు ఎలా మార్చుకుంటాయి, అందులో వాటి ఊగిసలాటకు పనేమిటి?

స్కూల్లో మనమందరం ఒక వాక్యం చదివాం. వేడి చేస్తే రసాయన చర్య వేగం పెరుగుతుంది. ఆ వాక్యం నిజమే. కానీ "వేడి" అనే ఒక్క మాట కింద చాలా సంగతులు దాక్కుని ఉన్నాయి. వాటిని విడదీసి, "ఇందులో నిజంగా పని చేసింది ఏది?" అని అడిగినవాళ్లు ఉన్నారు. శక్తి ఎంత ఉందన్నది ఒక్కటే కాదు, అది అణువులో ఎక్కడ ఉందన్నది కూడా లెక్కలోకి వస్తుందని వాళ్లు చూపించారు. అదే మాటను చెల్లని చోట వాడి, ఏళ్ల తరబడి పొరబడినవాళ్లు కూడా ఉన్నారు. రెండు కథలూ చెబుతాను.

శక్తికి మూడు చోట్లు

ముందు పేర్లు చూద్దాం. పరమాణువు అంటే ఒంటరిది. రెండో మూడో పరమాణువులు బంధంతో కలిసి ఉంటే అది అణువు. ఈ రెండు మాటలూ కలిసిపోకుండా చూసుకుంటే చాలు, మిగతాదంతా సులువే.

వాయువులో ఉన్న అణువు ఒక్క క్షణం కుదురుగా ఉండదు. మూడు పనులు చేస్తుంటుంది. ఒకటి, ఇక్కడి నుంచి అక్కడికి పరుగెత్తడం. రెండు, బొంగరంలా తిరగడం. మూడు, బంధం సాగి, ముడుచుకుని, మళ్లీ సాగుతూ ఊగడం. పుస్తకాల్లో వీటిని స్థానాంతర శక్తి, భ్రమణ శక్తి, కంపన శక్తి అంటారు. నేను పరుగు, తిరుగుడు, ఊపు అని కూడా రాస్తాను. వినడానికి మోటుగా ఉన్నా పని జరుగుతుంది.

ఊపు ఎంత వేగంగా ఉంటుందంటే, హైడ్రోజన్ క్లోరైడ్ అనే అణువును తీసుకోండి. ల్యాబులో మనం వాడే హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఈ వాయువు నీళ్లలో కరిగితే వచ్చేదే. దానిలో ఒక హైడ్రోజన్, ఒక క్లోరిన్ ఉంటాయి. క్లోరిన్ బరువైనది కాబట్టి పెద్దగా కదలదు. హైడ్రోజనే సెకనుకు సుమారు 86 లక్షల కోట్ల సార్లు దగ్గరికీ దూరానికీ ఊగుతుంటుంది.

ఈ ఊపుకు ఒక నియమం ఉంది. ఉయ్యాలనైతే మనం ఎంత కావాలంటే అంత ఊపొచ్చు, కొంచెం ఎక్కువ, ఇంకొంచెం ఎక్కువ అని. అణువు అలా ఒప్పుకోదు. దాని ఊపుకు మెట్లు ఉంటాయి. ఈ మెట్టు మీద ఉండాలి, లేదా పై మెట్టు ఎక్కాలి. మధ్యలో నిలబడడానికి చోటు లేదు. అన్నిటికంటే కింది మెట్టు మీద ఉన్నప్పుడు కూడా ఊపు పూర్తిగా ఆగిపోదు. ఒక మెట్టు ఎక్కడానికి హైడ్రోజన్ క్లోరైడ్‌కు మోల్‌కు సుమారు 34.5 కిలోజౌళ్ల శక్తి కావాలి. మోల్ అంటే కెమిస్ట్రీ వాళ్ల డజను అనుకోండి. కాకపోతే అందులో ఉండేవి పన్నెండు కాదు, దాదాపు 6 పక్కన 23 సున్నాలు పెడితే వచ్చేటన్ని.

గదిలో ఉండే మామూలు వేడికి ఈ మెట్టు చాలా ఎత్తు. పది లక్షల హైడ్రోజన్ క్లోరైడ్ అణువులను లెక్కబెడితే, మొదటి మెట్టు ఎక్కినది సగటున ఒక్కటి కూడా ఉండదు. హైడ్రోజన్ అణువుకైతే మెట్టు ఇంకా ఎత్తు, దాదాపు 50 కిలోజౌళ్లు. వంద కోట్ల అణువుల్లో రెండు మాత్రమే పైన ఉంటాయి. అదే వాయువును 1000 కెల్విన్‌కు, అంటే 727 డిగ్రీల సెల్సియస్‌కు వేడి చేస్తే నాలుగు వందల్లో ఒకటి పైకి వస్తుంది.

చిక్కు ఇక్కడే వస్తుంది. వేడి చేస్తే ఊపు పెరుగుతుంది, నిజమే. కానీ పరుగూ పెరుగుతుంది, తిరుగుడూ పెరుగుతుంది. చర్య వేగం పెరిగితే ఆ ఘనత వీటిలో ఎవరిది? పొయ్యి మంట పెంచి చూసినంత మాత్రాన ఆ సంగతి ఎప్పటికీ తేలదు.

నాలుగు స్తంభాలాట

జత మార్చుకునే చర్య అంటే ఏమిటో చెప్పడానికి మన నాలుగు స్తంభాలాట చాలు. స్తంభానికొకరు పట్టుకుని నిలబడతారు, మధ్యలో దొంగ. స్తంభం పట్టుకున్న పిల్ల దాన్ని వాటేసుకుని కూర్చుంటే దొంగ ఎంత జోరుగా పరుగెత్తుకొచ్చినా లాభం లేదు. ఆ పిల్ల స్తంభాన్ని వదిలి కాస్త అవతలికి ఊగి, మళ్లీ వెనక్కి వస్తూ ఉంటే మాత్రం, సరిగ్గా ఆ దూరంగా ఉన్న క్షణంలో దొంగ దూరిపోతుంది. పాత పిల్ల ఒంటరిదవుతుంది.

వాయువులో కూడా ఒక పరమాణువు వచ్చి, జతగా ఉన్న రెండింటిలో ఒకదాన్ని తనతో కలుపుకుంటుంది. మిగిలినది ఒంటరిగా వెళ్లిపోతుంది. దీన్ని వినిమయ చర్య అంటారు. అన్నిటికంటే చిన్న ఉదాహరణ, ఒక హైడ్రోజన్ పరమాణువు వచ్చి హైడ్రోజన్ అణువును ఢీకొట్టడం. ముందూ హైడ్రోజనే, తర్వాతా హైడ్రోజనే అయితే జత మారిందని ఎలా తెలుస్తుంది? అందుకే ఒకదాని బదులు డ్యుటీరియం వాడతారు. అది హైడ్రోజన్‌కు బరువైన తోబుట్టువు. స్వభావం ఒకటే, బరువు రెట్టింపు. కాబట్టి గుర్తుపట్టవచ్చు.

హైడ్రోజన్ అణువులో బంధాన్ని పూర్తిగా తెంచాలంటే మోల్‌కు 436 కిలోజౌళ్లు కావాలి. కానీ జత మారడానికి దాటాల్సిన అడ్డు సుమారు 40 మాత్రమే. ఇంత తేడా ఎందుకంటే, పాతది తెగేదాకా కొత్తది ఆగదు. ఒకవైపు పాత బంధం సడలుతుంటే ఇంకోవైపు కొత్త బంధం బిగుస్తుంటుంది. సరిగ్గా నడిమధ్యలో మూడు పరమాణువులూ ఒకే వరుసలో నిలబడతాయి. ఆ క్షణంలో రెండు బంధాలూ మామూలు పొడవు కంటే పావు వంతు ఎక్కువ సాగి ఉంటాయి.

ఆ చివరి వాక్యం మళ్లీ ఒకసారి చదవండి. అడ్డు దాటాలంటే బంధం సాగాలి. ఊపు అంటే బంధం సాగడమే. అంటే ఊపులో ఉన్న శక్తి ఈ పనికి నేరుగా పనికొస్తుందా? ఇది ఊహ. ఊహను పరీక్షించాలంటే వేడి చేయకుండా, పరుగు పెంచకుండా, ఊపు ఒక్కటే పెంచే ఉపాయం కావాలి.

మెట్టు ఎక్కించే వెలుగు

ఆ ఉపాయం లేజర్. ఒక అణువు ఒక మెట్టు ఎక్కడానికి ఎంత శక్తి కావాలో, సరిగ్గా అంత శక్తి ఉన్న వెలుగును దాని మీద పడేస్తే అది మింగి మెట్టు ఎక్కుతుంది. పరుగు ఎప్పటిలాగే ఉంటుంది.

1971లో ఓడియోర్న్, బ్రూక్స్, కాస్పర్ అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు ఈ పని చేసి చూపించారు. వాళ్లు తీసుకున్నది పొటాషియం పరమాణువులు, హైడ్రోజన్ క్లోరైడ్ అణువులు. పొటాషియం వచ్చి క్లోరిన్‌ను లాక్కుంటే పొటాషియం క్లోరైడ్ తయారై హైడ్రోజన్ ఒంటరిగా పోతుంది. ఈ చర్య తనంతట తాను జోరుగా జరిగేది కాదు, కాస్త శక్తి పెట్టుబడి పెట్టాలి. ఈ రెండింటినీ శూన్యంలో సన్నని ధారలుగా ఒకదాన్నొకటి కలిసేలా పంపి, హైడ్రోజన్ క్లోరైడ్ మీద లేజర్ వెలుగు వేశారు. మొదటి మెట్టు ఎక్కిన అణువులు, ఎక్కని వాటికంటే సుమారు వంద రెట్లు ఎక్కువగా చర్య జరిపాయి. పరుగు వేగాన్ని పెంచి అదే శక్తిని అందించినప్పుడు అంత పెరుగుదల రాలేదు.

ఇందులో నాకు బాగా నచ్చిన చిన్న సంగతి ఒకటుంది. వాళ్లు వాడిన లేజర్ వెలుగు ఎక్కడి నుంచి వచ్చిందనుకున్నారు? ఇంకో హైడ్రోజన్ క్లోరైడ్ నుంచే. హైడ్రోజన్, క్లోరిన్ కలిసినప్పుడు పుట్టే హైడ్రోజన్ క్లోరైడ్ అణువులు పుట్టుకతోనే బాగా ఊగుతూ ఉంటాయి. ఆ ఊపు తగ్గించుకుంటూ అవి వెలుగును వదులుతాయి. ఆ వెలుగుతో లేజర్ చేయొచ్చని 1965లో కాస్పర్, పిమెంటెల్ చూపించారు. ఒక చర్యలో పుట్టిన ఊపు వెలుగుగా మారి, ఇంకో చర్యకు ఊపునిచ్చిందన్నమాట.

కనుమ ఎక్కడుంది?

ఊపు ఇస్తే ప్రతి చర్యా వంద రెట్లు పెరుగుతుందా? పెరగదు. కొన్నిటికి ఊపు కంటే పరుగే మేలు. ఏ చర్యకు ఏది మేలో చెప్పే ఒక సూత్రాన్ని కెనడాలోని టొరంటోలో జాన్ పొలానీ బృందం ఇచ్చింది. ఆయన తండ్రి మైఖేల్ పొలానీ కూడా ఇదే దారిలో నడిచినవారు. 1931లో హెన్రీ ఐరింగ్‌తో కలిసి, హైడ్రోజన్ పరమాణువు హైడ్రోజన్ అణువును కలిసే చర్యకు శక్తి ఎగుడుదిగుళ్ల పటాన్ని మొదటిసారి లెక్కగట్టి గీశారు.

ఆ పటాన్ని ఇలా ఊహించుకోండి. రెండు కొండల మధ్య ఒక లోయ. అది నేరుగా పోదు, ఎల్ అక్షరంలా ఒక చోట మలుపు తిరుగుతుంది. మలుపుకు ముందున్న భాగంలో కొత్త పరమాణువు దగ్గరికి వస్తుంటుంది. మలుపు తర్వాతి భాగంలో పాత జోడీ దూరమవుతుంటుంది. లోయలో ఎక్కడో ఒక చోట ఎత్తు ఉంటుంది. అదే మనం దాటాల్సిన కనుమ. అణువుల జత ఈ లోయలో దొర్లే గోలీకాయ లాంటిది.

కనుమ మలుపుకు ముందే ఉందనుకోండి. నేరుగా వేగంగా దొర్లితే చాలు, గోలీ ఎక్కి దాటిపోతుంది. అక్కడ పరుగు పనికొస్తుంది. పక్కలకు ఎంత ఊగినా ముందున్న ఎత్తు ఎక్కడానికి సాయం లేదు.

కనుమ మలుపు తిరిగాక ఉందనుకోండి. ఇప్పుడు నేరుగా జోరుగా వచ్చిన గోలీ మలుపు దగ్గర ఎదురుగా ఉన్న కొండను కొట్టుకుని వెనక్కి వస్తుంది. ఏర్కాడు ఘాట్ రోడ్డులో మలుపు తిప్పకుండా యాక్సిలరేటర్ తొక్కినట్టే. పక్కలకు ఊగుతూ వచ్చిన గోలీకి మాత్రం, అడ్డంగా ఊగే ఊపే మలుపు తర్వాత ముందుకు నడిపే వేగం అవుతుంది. ఎందుకంటే మలుపుకు ముందు అడ్డంగా ఉన్న దిక్కే మలుపు తిరిగాక నేరుగా పోయే దిక్కు. పాత బంధం సాగే దిక్కు అదే మరి.

క్లుప్తంగా చెప్పాలంటే, కనుమ ముందుంటే పరుగు, వెనకుంటే ఊపు. సాధారణంగా శక్తిని బయటికిచ్చే చర్యలకు కనుమ ముందుంటుంది, శక్తిని అడిగే చర్యలకు వెనకుంటుంది. పొటాషియం చర్యలో ఊపు ఎందుకంత పని చేసిందో ఇప్పుడు తెలుస్తోంది కదా.

దీన్నే తిరగేసి చూస్తే ఇంకో సంగతి బయటపడుతుంది. ఫ్లోరిన్ పరమాణువు హైడ్రోజన్ అణువుతో కలిసే చర్యకు కనుమ ముందుంది. దాటాక చాలా శక్తి బయటికొస్తుంది. ఆ శక్తిలో దాదాపు మూడింట రెండు వంతులు, కొత్తగా పుట్టిన హైడ్రోజన్ ఫ్లోరైడ్ ఊపులోకే పోతుంది. కొండ దిగుతూ మలుపు తిరిగిన గోలీ పక్కలకు ఊగకుండా ఎలా ఉంటుంది? అప్పుడే పుట్టిన అణువులు ఊగుతూ వదిలే కంటికి కనిపించని పరారుణ కాంతిని పట్టుకుని, ఏ మెట్టు మీద ఎన్ని ఉన్నాయో పొలానీ లెక్కగట్టారు. చర్య ముందుకు నడిచేటప్పుడు ఊపును పుట్టిస్తే, అదే చర్యను వెనక్కి నడపాలంటే ఊపునే పెట్టుబడి పెట్టాలి. 1986లో డడ్లీ హెర్ష్‌బాక్, యువాన్ లీలతో పాటు జాన్ పొలానీకి కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది.

ఏ బంధం తెగాలో మనమే చెప్పొచ్చా?

ఇక్కడి నుంచి ఒక పెద్ద ఆశ పుట్టింది. వేడి అన్ని బంధాలనూ ఒకేలా కుదిపేస్తుంది. ఒక్క బంధాన్నే ఊపితే ఆ ఒక్కటే తెగుతుందా?

దీనికి చక్కటి ప్రయోగం నీళ్ల అణువుతో జరిగింది. మామూలు నీటి అణువులో ఆక్సిజన్‌కు రెండు పక్కలా రెండు హైడ్రోజన్లు. ఒక పక్క హైడ్రోజన్ బదులు డ్యుటీరియం పెట్టారు. ఇప్పుడు ఒక చెయ్యి తేలిక, ఒక చెయ్యి బరువు. తేలిక చెయ్యి గబగబా ఊగుతుంది, బరువు చెయ్యి నెమ్మదిగా ఊగుతుంది. రెండు ఊపులూ కలవవు కాబట్టి ఒకదానికిచ్చిన శక్తి రెండోదానికి సులువుగా పోదు.

1990లో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో ఫ్లెమింగ్ క్రిమ్ బృందం హైడ్రోజన్ చేతిని లేజర్‌తో నాలుగు మెట్లు పైకి ఊపి, దాని మీదికి హైడ్రోజన్ పరమాణువులను పంపింది. వచ్చిన పరమాణువు రెండు చేతుల్లో దేన్నైనా లాక్కోవచ్చు. కానీ ఊగుతున్న చేతిని లాక్కోవడం, ఊగని చేతిని లాక్కోవడం కంటే కనీసం వంద రెట్లు ఎక్కువగా జరిగింది. మరుసటి ఏడాది స్టాన్‌ఫర్డ్‌లో రిచర్డ్ జారే బృందం, వచ్చే హైడ్రోజన్ పరమాణువు కాస్త జోరుగా ఉంటే ఒక్క మెట్టు ఊపు చాలునని చూపించింది. హైడ్రోజన్ చేతిని ఊపితే అది, డ్యుటీరియం చేతిని ఊపితే ఇది. ఏది ఊగితే అదే తెగింది.

మరి మందుల కంపెనీలన్నీ లేజర్లతో ఇలాగే బంధాలు తెంచుకుంటూ కూర్చోవచ్చు కదా? అలా కాకపోవడానికి కారణముంది. అణువు పెద్దదైతే చాలా బంధాలుంటాయి. ఒకదానికిచ్చిన ఊపు కన్ను మూసి తెరిచే లోపే, ఇంకా చాలా ముందే, మిగతావాటికి పాకిపోతుంది. ద్రవంలో అయితే పక్కనున్న అణువులు తోసి తోసి ఆ ఊపును పంచేసుకుంటాయి. చివరికి మిగిలేది మామూలు వేడే. అందుకే ఈ కథంతా పలుచటి వాయువుల్లో, చిన్న అణువులతో జరుగుతుంది. అక్కడే ఊపు చేరాల్సిన చోటికి చేరేదాకా పదిలంగా ఉంటుంది.

ఒక నీతి కథ

ఇక రెండో కథ. హైడ్రోజన్ అణువునూ డ్యుటీరియం అణువునూ కలిపి వేడి చేస్తే, ఒకటి ఇటూ ఒకటి అటూ మారి రెండు మిశ్రమ అణువులు వస్తాయి. నాలుగు పరమాణువులు ఎదురెదురుగా చతురస్రంలా నిలబడి ఒకేసారి జతలు మార్చుకున్నట్టు కనిపిస్తుంది. కోలాటంలో ఎదురు జంటలు మారినట్టు.

1960లలో దీన్ని షాక్ ట్యూబులో పరీక్షించారు. అదొక పొడవాటి గొట్టం. ఒక తెరను పగలగొట్టి అఘాత తరంగాన్ని పంపితే, లోపలి వాయువు సెకనులో అతి చిన్న భాగంలోనే వేల డిగ్రీలకు వేడెక్కి మళ్లీ చల్లబడుతుంది. గొట్టం గోడలు వేడెక్కే లోపే పని అయిపోతుంది. కోర్నెల్ విశ్వవిద్యాలయంలో సైమన్ బావర్, ఓసా 1966లో తమ కొలతలు ప్రకటించారు. తమ ఫలితాలను వాళ్లు ఇలా అర్థం చేసుకున్నారు: ఒక అణువు ఊపు మెట్లు ఒక్కొక్కటే ఎక్కి, తగినంత పైకి చేరాక ఢీకొంటేనే ఈ నలుగురి మార్పిడి జరుగుతుంది. ఊపే ఈ చర్యను నడుపుతోంది అన్నమాట.

వినడానికి ఎంత బాగుందో. కానీ లెక్కలు గట్టేవాళ్లకు ఇది మింగుడు పడలేదు. నాలుగు పరమాణువులు చతురస్రంగా చేరాలంటే ఒక బంధాన్ని పూర్తిగా తెంచడానికయ్యే 436 కిలోజౌళ్ల కంటే ఎక్కువ శక్తి కావాలని సిద్ధాంతం చెప్పింది. ప్రయోగాల్లో కనిపించిన అడ్డు అందులో సగం కూడా లేదు. ప్రయోగం తప్పా, లెక్క తప్పా? ఏళ్లు గడిచాయి. తగవు తేలలేదు.

1983లో అస్సా లిఫ్షిట్జ్, బిడానీ, కారోల్ అనే ముగ్గురు తేల్చారు. లిఫ్షిట్జ్ బయటివారు కాదు. 1960లలో ఇవే షాక్ ట్యూబు కొలతలు చేసినవాళ్లలో ఆయనా ఒకరు. వాళ్లు చెప్పింది ఇది. గొట్టంలో ఎక్కడో కొద్దిపాటి మలినం ఉండిపోతుంది. వేడికి అది విడిపోయి కొన్ని హైడ్రోజన్ పరమాణువులు పుడతాయి. మనం మొదట చూసిన నాలుగు స్తంభాలాట గుర్తుందా? ఒంటరి హైడ్రోజన్ వచ్చి డ్యుటీరియం అణువులో ఒకదాన్ని లాక్కుంటుంది. వదిలేసిన డ్యుటీరియం పోయి హైడ్రోజన్ అణువులో ఒకదాన్ని లాక్కుంటుంది. మళ్లీ ఒక హైడ్రోజన్ ఒంటరిదై ఇంకోదాని మీద పడుతుంది. ఈ గొలుసుకు అడ్డు చాలా చిన్నది. కాబట్టి చాలా కొద్ది పరమాణువులు చాలు, లెక్కలేనన్ని జతలు మార్చేస్తాయి. బయటినుంచి చూసేవాళ్లకు నలుగురి కోలాటంలా కనిపించింది అసలు ఒంటరి దొంగ పని. తమ వ్యాసం పేరులోనే వాళ్లు, దీన్ని ఎంతో కాలంగా తప్పుగా అర్థం చేసుకున్నామని రాసుకున్నారు.

నాకు ఈ కథ నోబెల్ కథ కంటే ఎక్కువ నచ్చుతుంది. "ఊపు చర్యను నడుపుతుంది" అనే మాట పొటాషియం విషయంలో నిజం. అదే మాట ఇక్కడ చెల్లలేదు. మొదటి చోట లేజర్‌తో ఊపు ఒక్కటే మార్చి చూశారు. రెండో చోట వేడి చేసి, ఫలితం నుంచి కారణాన్ని ఊహించారు. మాట ఒకటే, దాని వెనకున్న సాక్ష్యం వేరు. తాము నమ్మినదాన్ని తామే మళ్లీ పరీక్షించి కాదని చెప్పడానికి ఎంత నిజాయితీ కావాలి!

పొలానీ సూత్రం కూడా శిలాశాసనం కాదు. 2007లో తైవాన్‌లో కోపిన్ లియూ బృందం, క్లోరిన్ పరమాణువు మీథేన్ లాంటి అణువును కలిసే చర్యను చూసింది. మీథేన్‌లోని నాలుగు హైడ్రోజన్లలో మూడింటి బదులు డ్యుటీరియం పెట్టిన అణువది. కనుమ మలుపు తర్వాతే ఉంది, కాబట్టి ఊపు గెలవాలి. కానీ అక్కడ ఊపుకిచ్చిన శక్తి పరుగుకిచ్చిన అంతే శక్తిని మించి పని చేయలేదు. మూడు పరమాణువులకు గీసిన పటం ఆరు పరమాణువులకు అచ్చంగా సరిపోదన్నమాట.

ఇది మన చుట్టూ ఉందా?

ఉంది. మన నెత్తిన 85 నుంచి 90 కిలోమీటర్ల ఎత్తులో హైడ్రోజన్ పరమాణువులు ఓజోన్‌ను కలిసి ఒక ఆక్సిజన్‌ను లాక్కుంటాయి. అలా పుట్టే జంటలు ఊపులో తొమ్మిదో మెట్టు దాకా ఎక్కి ఉంటాయి. అవి దిగుతూ వదిలే వెలుగువల్ల రాత్రి ఆకాశం పరారుణ కాంతిలో ఎప్పుడూ సన్నగా మెరుస్తూనే ఉంటుంది. మన కంటికి ఆనదు, కెమెరాలకు ఆనుతుంది.

బండి ఇంజన్లలో గాలిలోని నైట్రోజన్ కాలి పొగలో నైట్రిక్ ఆక్సైడ్ రావడానికి మొదటి అడుగు, ఆక్సిజన్ పరమాణువు నైట్రోజన్ అణువును విడదీయడం. దాని అడ్డు మోల్‌కు మూడు వందల కిలోజౌళ్లు దాటుతుంది. ఆ బంధం అంత గట్టిది. వాతావరణంలోకి భయంకరమైన వేగంతో తిరిగొచ్చే అంతరిక్ష నౌక ముందు గాలి ఎలా మండుతుందో లెక్కగట్టేవాళ్లు నైట్రోజన్ ఏ మెట్టు మీద ఊగుతోందో విడిగా లెక్కలోకి తీసుకుంటారు. ఒకే ఒక్క ఉష్ణోగ్రత సంఖ్యతో వాళ్లకు పని జరగదు.

మన దేశంలోనూ ఈ పని జరిగింది. హీలియం పరమాణువు, ఒక ఎలక్ట్రాన్ పోగొట్టుకున్న హైడ్రోజన్ అణువును కలిసి ఒక హైడ్రోజన్‌ను లాక్కునే చర్య ఉంది. కింది మెట్ల మీద అది తనంతట తాను జరగదు. మూడో మెట్టు దాకా ఊగితే జరగడానికి శక్తి సరిపోతుంది. ఈ చర్య మీద ఐఐటీ కాన్పూర్‌లో ఎన్. సత్యమూర్తి బృందం ఎన్నో ఏళ్లు లెక్కలు చేసింది. ఆ చర్యలో పుట్టే హీలియం, హైడ్రోజన్ల జంటే విశ్వంలో మొట్టమొదట పుట్టిన అణువు అని శాస్త్రజ్ఞుల అంచనా. దాన్ని అంతరిక్షంలో మొదటిసారి చూసినట్టు ప్రకటించింది 2019లోనే.

చివరిగా, మాటల గురించి

ఇది తెలుగు డిపార్టుమెంటు గోడ కాబట్టి చివరి మాట భాష గురించే. ఇవన్నీ నేను క్లాసులో ఇంగ్లీషులో చదివినవే. తెలుగులో రాయడానికి కూర్చుంటే ప్రతి మాటనూ విప్పి చూడాల్సి వచ్చింది. కంపనం అని రాస్తే సరిపోతుంది, కానీ ఆ మాట వినగానే కొందరికి భయంతో వణకడం గుర్తొస్తుంది. ఊపు అంటే ఉయ్యాల గుర్తొస్తుంది. అణువుకు ఉయ్యాలే దగ్గర, అయితే మెట్లున్న ఉయ్యాల. అడ్డు అంటే గోడ అనిపిస్తుంది, కనుమ అంటే దాటే దారి కనిపిస్తుంది. సరైన మాట దొరికిన చోట నాకే విషయం ఇంకొంచెం తెలిసొచ్చింది.

ఒక మాటకు మాత్రం నాకు మంచి తెలుగు దొరకలేదు. మూడు పరమాణువులూ ఒకే వరుసలో, పాత బంధం పూర్తిగా పోకుండా, కొత్త బంధం పూర్తిగా రాకుండా, కనుమ శిఖరం మీద నిలబడే ఆ ఒక్క క్షణం ఉంది చూశారా, దాన్ని పుస్తకాల్లో ఉత్తేజిత సంక్లిష్టం అంటారు. నోరు తిరగడమే కష్టం. మీ ఊళ్లో, మీ ఇంట్లో, మీ అమ్మమ్మల మాటల్లో "అటూ కాదు, ఇటూ కాదు" అనే స్థితికి ఏదైనా చిన్న మాట ఉంటే, ఈ కాగితం కింద ఖాళీ వదిలాను, పెన్సిల్‌తో రాసి వెళ్లండి.

— కెమిస్ట్రీ మూడో సంవత్సరం, పార్ట్ వన్ తెలుగు విద్యార్థిని